సివిల్ దావా ఖర్చులు ఎవరి నెత్తిన పడతాయి? చెన్నై కోర్టుల్లో దావా ఉన్నవారికి తరచుగా వచ్చే ప్రశ్నలు

ప్యారిస్ కార్నర్ పక్కన హైకోర్టు ప్రాంగణంలోనే సిటీ సివిల్ కోర్టు కూడా ఉంది. సౌకార్‌పేట, టి.నగర్, పెరంబూరుల నుంచి, అటు నెల్లూరు, సూళ్లూరుపేటల నుంచి కూడా తెలుగువారు ఇక్కడి మెట్లెక్కుతుంటారు. దావా వేసే ముందు వాళ్లు అడిగే మొదటి మాట ‘గెలుస్తామా’ అని. ‘గెలిస్తే ఖర్చులొస్తాయా, ఓడితే ఎంత కట్టాలి’ అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా, ఒక్కోసారి డిక్రీ (తీర్పు ప్రకారం ఎవరికి ఏం రావాలో రాసే కోర్టు పత్రం) కాపీ చేతికొచ్చాక వస్తుంది. అప్పటికి చేయగలిగింది కొంచెమే మిగులుతుంది.

గెలిస్తే నేను పెట్టిన డబ్బంతా వెనక్కి వస్తుందా?

రాదు. వచ్చేది మీరు పెట్టినదాంట్లో ఒక భాగం. సాధారణ దావాల్లో ఆ భాగం చిన్నదే.

అసలు నియమం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35లో ఉంది. ఖర్చులు ఎవరు, ఎవరికి, ఎంత, ఏ ఆస్తి నుంచి ఇవ్వాలో తేల్చే విచక్షణ కోర్టుదే. అయితే ఆ విచక్షణకు ఒక కళ్లెం ఉంది. మామూలుగా ఓడినవారు గెలిచినవారికి ఖర్చులివ్వాలి. అలా కాదనుకుంటే జడ్జి కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. తీర్పు చివర ఏ కారణమూ లేకుండా ‘ఎవరి ఖర్చులు వారివే’ అని ఒక్క వాక్యం కనబడితే, అది అప్పీలులో ఎత్తిచూపదగిన లోపం. దావా వినే అధికారమే తనకు లేదని కోర్టు తేల్చినా సరే, ఖర్చులు వేసే అధికారం మాత్రం దానికి ఉంటుంది. తప్పు కోర్టులో దావా వేసినవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఖర్చుల లెక్క ఎక్కడ కనబడుతుంది?

తీర్పులో కాదు, డిక్రీలో. చాలామంది తీర్పు కాపీ ఒక్కటే తీసుకుని ఇంటికి వెళతారు. డిక్రీ కాపీ వేరుగా అడిగి తీసుకోండి. దాని అడుగున రెండు వరుసల పట్టిక ఉంటుంది. ఎడమవైపు వాది, కుడివైపు ప్రతివాది. ప్లెయింటు (దావా పత్రం) మీద స్టాంపు, వకాల్తా (వకీలును నియమించే పత్రం) మీద స్టాంపు, ఎగ్జిబిట్ల (సాక్ష్యంగా పెట్టిన పత్రాల) మీద స్టాంపు, వకీలు ఫీజు, సాక్షుల బత్తా, కోర్టు నియమించిన కమిషనర్ ఫీజు, సమన్లు పంపిన ఖర్చు ఒకదాని కింద ఒకటి పద్దులుగా ఉంటాయి. చివర మొత్తం. మీకు రావలసిన డబ్బు ఆ చివరి అంకే. మీ దగ్గరున్న రసీదుల కట్ట ఎంత లావుగా ఉన్నా ఆ పట్టికలోకి ఎక్కనిది వసూలు కాదు.

ఈ పద్దులకు తోడు అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 20ఏ కింద మరికొన్ని ఖర్చులు అడగవచ్చు. దావాకు ముందు పంపిన నోటీసు ఖర్చు (చట్టం ఆ నోటీసు తప్పనిసరి అనకపోయినా సరే), ప్లీడింగుల (ఇరుపక్షాలు కోర్టుకిచ్చే దావా, జవాబు పత్రాల) టైపింగు, ప్రింటింగు, కోర్టు రికార్డు తనిఖీకి కట్టిన రుసుము, కోర్టు ద్వారా సమన్లు పంపకుండా మీరే తెచ్చుకున్న సాక్షుల ఖర్చు, అప్పీలుకు జతచేసే తీర్పు, డిక్రీ కాపీల రుసుము. వీటిని అడగడమే మరిచిపోతారు. అడగనిది ఎవరూ వెతికి ఇవ్వరు.

లెక్కలో కూడిక తప్పు గానీ, ఒక పద్దు జారిపోవడం గానీ కనిపిస్తే అప్పీలు అక్కర్లేదు. సెక్షన్ 152 కింద సవరణ పిటిషన్ వేస్తే సరిపోతుంది. అది రాత పొరపాటుకే పనికొస్తుంది. ‘జడ్జిగారు ఖర్చులు ఇచ్చి ఉండాల్సింది’ అన్న వాదన ఆ దారిన నడవదు.

వకీలుకు రెండు లక్షలు ఇచ్చాను. డిక్రీలో కొద్ది వేలే పడ్డాయేమిటి?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. డిక్రీలో వేసే వకీలు ఫీజు మీకూ మీ వకీలుకూ మధ్య కుదిరిన ఫీజు కాదు. దావా రకాన్నీ విలువనూ బట్టి రూల్స్‌లో ఉన్న పట్టిక ప్రకారం వేసే ఫీజు. మీరు ఎంత పెద్ద సీనియర్‌ను పెట్టుకున్నా ఆ పట్టిక మారదు.

ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టు మాటలు రెండు వైపులా ఉన్నాయి. 2005లో సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో, ఖర్చులంటే వాస్తవంగా అయిన, సబబైన ఖర్చులు కావాలనీ, కోర్టు ఫీజు, వకీలు ఫీజుతో పాటు గెలిచినవారు వెచ్చించిన సమయం, రాకపోకలు, బస కూడా అందులో చేరాలనీ చెప్పింది. 2011లో రామ్‌రామేశ్వరీ దేవి కేసులో, ఖర్చులు వాస్తవానికి దగ్గరగా ఉంటేనే అబద్ధపు దావాలు తగ్గుతాయంది. అదే ఏడాది సంజీవ్ కుమార్ జైన్ కేసులో మాత్రం, ఢిల్లీ హైకోర్టు ఒక అప్పీలులో వకీలు ఫీజుల కింద వేసిన 45 లక్షల పైచిలుకు ఖర్చుల ఉత్తర్వును కొట్టేసింది. రూల్స్ ప్రకారమే లెక్క కట్టాలి, రూల్స్ చాలకపోతే వాటిని మార్చుకోవాలి అన్నది దాని సారాంశం. 2012లో లా కమిషన్ 240వ నివేదిక మొత్తం ఈ విషయం మీదే రాసింది. అయినా సాధారణ దావాల్లో పాత పట్టికే రాజ్యమేలుతోంది. ‘గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడట’ అన్న మాట ఊరికే పుట్టలేదు.

మెమో ఆఫ్ కాస్ట్స్ అంటే ఏమిటి? ఎవరు, ఎప్పుడు వేయాలి?

మీ ఖర్చుల పద్దు పట్టిక. మీ వకీలు కోర్టులో దాఖలు చేయాలి. దాంతోపాటు ఫీజు సర్టిఫికెట్ కూడా ఉండాలి. అంటే, ఈ కేసుకు ఇంత ఫీజు ముట్టిందని వకీలు సంతకం చేసి ఇచ్చే కాగితం. అది లేకపోతే వకీలు ఫీజు పద్దు దగ్గర సున్నా పడే ప్రమాదముంది. హైకోర్టు ఒరిజినల్ సైడ్‌ (దావాలను నేరుగా విచారించే విభాగం)లో నడిచే పెద్ద దావాల్లో అయితే బిల్లును టాక్సింగ్ ఆఫీసరు ఒక్కో పద్దు చూసి, అవతలివారి అభ్యంతరాలు విని, కోసి ఖరారు చేస్తారు.

ఇక్కడ పని చెడేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది, ఫీజు నగదుగా, రసీదు లేకుండా ఇవ్వడం. బ్యాంకు ద్వారా ఇవ్వండి, ప్రతిసారీ రసీదు అడగండి. అడిగితే వకీలుగారు ఏమనుకుంటారోనన్న మొహమాటం వద్దు. రెండోది, మధ్యలో వకీలును మార్చడం. పాత వకీలు దగ్గర ఫీజు సర్టిఫికెట్ తీసుకోకుండా ఫైలు తెచ్చేసుకుంటే, ఏళ్ల తరువాత దాని కోసం వెళ్లినప్పుడు ఆయన దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఫైలూ సర్టిఫికెట్టూ ఒకే రోజు తీసుకోండి. మూడోది, వాదనలు ముగిశాక మెమో సంగతి అందరూ మరిచిపోవడం. తీర్పుకు వాయిదా వేసిన రోజే గుమస్తాను అడగండి: ‘మెమో పెట్టారా?’

మా పత్రాలన్నీ తెలుగులో ఉన్నాయి. తర్జుమా ఖర్చు అడగవచ్చా?

అడగండి. నెల్లూరులో రాసిన ప్రామిసరీ నోటు, గూడూరు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరైన దస్తావేజు చెన్నై కోర్టు ముందుకు వచ్చాక ఇంగ్లీషులోకో తమిళంలోకో మార్చి ఇవ్వక తప్పదు. తర్జుమా చేసినవారి రసీదు, పేజీల సంఖ్య మెమోకు జతచేయండి. ఇవ్వడం, ఇవ్వకపోవడం కోర్టు ఇష్టమే గానీ, రసీదు లేని పద్దుకు ఆ అవకాశమూ ఉండదు. ఊరి నుంచి సాక్షిని తెచ్చినప్పుడు రైలు టికెట్లు కూడా అలాగే దాచండి.

పది లక్షలకు దావా వేస్తే ఆరు లక్షలకే డిక్రీ అయింది. అప్పుడు?

ఎంత గెలిచారో అంత మేరకు ఖర్చులు వేయడం మామూలు పద్ధతి. తమిళనాడులో డబ్బు వసూలు దావాకు కోర్టు ఫీజు విలువ మీద 3 శాతం (2017 సవరణకు ముందు 7.5 శాతం ఉండేది). కాబట్టి పది లక్షల దావాకు మీరు 30,000 కట్టి ఉంటారు. ఆరు లక్షలకు డిక్రీ అయితే అందులో 18,000 ప్రతివాది మీద పడుతుంది, మిగతా 12,000 మీదే. వకీలు ఫీజు కూడా గెలిచిన ఆరు లక్షల మీద లెక్కకడతారు. కొట్టేసిన నాలుగు లక్షల మేరకు ప్రతివాదికి మీరు ఖర్చులివ్వాలని కూడా కోర్టు అనవచ్చు. ఒకరు ఇవ్వాల్సిన ఖర్చులను ఇంకొకరికి రావలసిన సొమ్ములో చెల్లువేయమనే అధికారం ఆర్డర్ 20 రూల్ 6లో ఉంది.

కోపంలో వడ్డీని, నష్టపరిహారాన్ని పెంచి దావా వేయడం ఎందుకు చేటో ఇక్కడ తెలుస్తుంది. పెంచిన ప్రతి లక్షకూ ముందుగా 3,000 కోర్టు ఫీజు కడతారు. రుజువు కాకపోతే అది పోవడమే కాక, అవతలివారి ఖర్చులో కొంత మీ మీదికి వస్తుంది.

పూర్తిగా గెలిచినా ఖర్చులు ఇవ్వని సందర్భాలు ఏవి?

నోటీసు కూడా ఇవ్వకుండా నేరుగా దావా వేసి, ప్రతివాది మొదటి వాయిదాలోనే బాకీ ఒప్పుకున్నప్పుడు. అవసరం లేని పత్రాలు, సాక్షులతో విచారణను సాగదీసినప్పుడు. అబద్ధం ఒకటి చెప్పి మరో కారణం మీద గెలిచినప్పుడు. చట్టంలో నిజంగానే అస్పష్టత ఉన్నప్పుడు. దగ్గరి బంధువుల మధ్య తగాదాల్లో కూడా ఎవరి ఖర్చులు వారు భరించమనడం తరచుగా చూస్తాం.

ఆస్తి పంపకం దావాల్లో ఖర్చులను వాటాల ప్రకారం పంచడమో, ఉమ్మడి ఆస్తి నుంచి తీయమనడమో జరుగుతుంది. అందరికీ మేలు చేసే దావా అది అన్నది దాని వెనకున్న ఆలోచన. కానీ అన్నదమ్ముల్లో ఒకరు లేని వీలునామా సృష్టించి పదేళ్లు లాగితే ఆ ఉదారత ఆయనకు వర్తించాల్సిన పని లేదు. ఆ మాట వాదనల్లో గట్టిగా, ఖర్చుల కోసం ప్రత్యేకంగా చెప్పాలి.

నేను ప్రతివాదిని. కొంత బాకీ నిజమే. ఖర్చులు పెరగకుండా ఏమైనా చేయవచ్చా?

చేయవచ్చు, చాలా తక్కువమంది వాడుకునే దారి ఇది. ఆర్డర్ 24 కింద మీరు నిజంగా బాకీ ఉన్నారనుకున్న మొత్తాన్ని కోర్టులో జమచేసి వాదికి నోటీసు ఇప్పించండి. నోటీసు అందిన నాటి నుంచి ఆ మొత్తం మీద వాదికి వడ్డీ ఆగిపోతుంది. చాలదని వాది దావా కొనసాగించి, చివరికి మీరు కట్టినదే సరైన మొత్తమని తేలితే, జమ తరువాత అయిన ఖర్చులు వాదే భరించాలి. దీనికి షరతు ఒక్కటే, లెక్క నిజాయితీగా వేయాలి. పది లక్షల బాకీకి రెండు లక్షలు జమచేస్తే ఏ మేలూ లేదు.

అవతలివారు తమ సంతకాన్నే కాదంటున్నారు. రుజువు చేయడానికి అయ్యే ఖర్చు ఎవరిది?

ఆర్డర్ 12 రూల్ 2 చూడండి. ‘ఈ పత్రాన్ని ఒప్పుకోండి’ అని ముందుగా లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వాళ్లు ఒప్పుకోకపోతే, ఆ పత్రాన్ని రుజువు చేయడానికి అయిన ఖర్చు, అంటే చేతిరాత నిపుణుడికి కట్టింది, సాక్షికి ఇచ్చింది, వాళ్ల మీద పడుతుంది. దావాలో ఎవరు గెలిచినా సరే. కోర్టు వేరుగా చెబితే తప్ప ఇదే నియమం.

దీనికి రెండో అంచు కూడా ఉంది. మీరు ఆ నోటీసు ఇవ్వకపోతే, గెలిచినా మామూలుగా ఆ రుజువు ఖర్చు మీకు రాదు. ఒక పేజీ నోటీసు, పోస్టు ఖర్చు. ఇంత చవకైన బీమా సివిల్ చట్టంలో ఇంకొకటి లేదు, అయినా ఫైళ్లలో అది కనబడటం అరుదు.

వాయిదా కోసం ‘కాస్ట్స్’ కట్టమన్నారు. కట్టకపోతే ఏమవుతుంది?

ఏ సెక్షన్ కింద వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ముందు ఉత్తర్వు కాపీ చదవండి.

సెక్షన్ 35బీ కింద, జాప్యం చేసినందుకు వేసిన ఖర్చులైతే తరువాతి వాయిదా నాటికి అవతలి పక్షానికి చెల్లించాలి. కట్టకపోతే వాది అయితే దావాను, ప్రతివాది అయితే తన వాదనను అక్కడి నుంచి ముందుకు నడపడానికి వీల్లేదు. ఈ డబ్బు చివర గెలిచినా తిరిగి రాదు, డిక్రీ ఖర్చుల్లో కలవదు.

ఎక్కువమందిని దెబ్బతీసేది షరతుతో కూడిన ఉత్తర్వు. ఎక్స్‌పార్టీ డిక్రీని (మీరు హాజరు కాకపోవడంతో ఏకపక్షంగా ఇచ్చిన డిక్రీని) రద్దు చేయమని పిటిషన్ వేస్తే, ‘ఫలానా తేదీలోగా ఇంత మొత్తం అవతలి వకీలుకు చెల్లిస్తే పిటిషన్ అనుమతించినట్టు, లేకుంటే కొట్టేసినట్టు’ అని ఉత్తర్వు వస్తుంది. ఇక్కడ తేదీయే ప్రాణం. చేయాల్సినవి ఇవి:

ఉత్తర్వు చెప్పిన రోజే మొత్తం, తేదీ, ఎవరికి కట్టాలి (అవతలి పక్షానికా, లీగల్ సర్వీసెస్ అథారిటీకా) రాసుకోండి. కాపీ రాలేదన్నది సాకుగా పనికిరాదు. ఆఖరి రోజు దాకా ఆగకండి. అది సెలవు కావచ్చు, అవతలి వకీలు ఊళ్లో లేకపోవచ్చు. చెల్లించి, తారీకుతో రసీదు తీసుకుని, చెల్లించినట్టు మెమో కోర్టులో దాఖలు చేయండి. మెమో వేయకపోతే తరువాతి వాయిదాలో ‘కట్టలేదు’ అని నమోదైపోతుంది, దాన్ని తిరగరాయించడానికి మళ్లీ ఒక పిటిషన్. అవతలి వకీలు తీసుకోనంటే వాదులాడకండి. ఆ విషయం చెబుతూ గడువులోపే కోర్టు డిపాజిట్‌లో జమచేయండి. గడువు దాటేలా ఉంటే, దాటకముందే సెక్షన్ 148 కింద పొడిగింపు అడగండి.

డబ్బు పుచ్చుకునే వైపు ఉన్నవారికి ఒక హెచ్చరిక. ఖర్చులు కడితేనే అమల్లోకి వచ్చే ఉత్తర్వు మీకు నచ్చకపోయి, పై కోర్టుకు వెళ్లాలనుకుంటే, ఆ డబ్బు గుట్టుచప్పుడు కాకుండా తీసుకోవద్దు. తీసుకున్నాక ఆ ఉత్తర్వును సవాలు చేసే హక్కు చేజారవచ్చు. ముందు వకీలుతో మాట్లాడండి.

కావాలనే అబద్ధపు దావా వేశారు. పరిహారం రాబట్టవచ్చా?

సెక్షన్ 35ఏ ఉంది, కానీ దాని కోర పీకేశారు. గరిష్ఠంగా 3,000 రూపాయలు. ఆ పరిమితి 1976 సవరణ నాటిది. దాన్ని సవరించాలని సుప్రీంకోర్టు అన్నా మారలేదు. అప్పీళ్లకు, రివిజన్లకు ఈ సెక్షన్ వర్తించదు కూడా. ఇంతైనా రావాలంటే అవతలివారి వాదన అబద్ధమని, అది వాళ్లకు తెలిసే చేశారని మీరు అభ్యంతరం చెప్పి ఉండాలి. రిటన్ స్టేట్‌మెంట్‌ (ప్రతివాది రాతపూర్వక జవాబు)లోనే ఆ పేరా పెట్టండి, చివరి వాదనల దాకా ఆగకండి.

అబద్ధపు కారణాలతో ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు), జప్తు, అరెస్టు తెచ్చుకుని మిమ్మల్ని నష్టపరిచి ఉంటే సెక్షన్ 95 నయం. అందులో 50,000 దాకా పరిహారం అదే కోర్టులో అడగవచ్చు. అంతకన్నా ఎక్కువ నష్టం జరిగిందంటే వేరే దావా వేసుకోవాలి. అయితే సెక్షన్ 95 కింద ఒకసారి ఉత్తర్వు తీసుకున్నాక ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి ఏ దారిలో వెళ్లాలో ముందే తేల్చుకోండి.

మాది వ్యాపార వివాదం. అక్కడా ఇదే లెక్కా?

కాదు, అక్కడ ఆట మారుతుంది. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వచ్చే వివాదాలకు (2018 నుంచి విలువ 3 లక్షలు, ఆపైన) సెక్షన్ 35ను కొత్తగా రాశారు. ఖర్చులంటే సాక్షుల ఫీజులు, వకీలు ఫీజులు, ఇతర వ్యయాలు, అన్నీ సబబైన మేరకు. 3,000 పరిమితి కూడా ఎత్తేశారు. ఎవరు గెలిచారన్నదే కాదు, ఎలా నడుచుకున్నారన్నదీ చూస్తారు. పనికిరాని ప్రతిదావా వేశారా, ఒక అంశంలోనే గెలిచారా, అవతలివారు సబబైన రాజీ ప్రతిపాదన పెడితే ఊరికే కాదన్నారా?

ఈ చివరిది గమనించండి. రాజీ ప్రతిపాదనలు ఫోన్లో కాకుండా రాతపూర్వకంగా, అంకెలతో, గడువుతో పెట్టాలి. అత్యవసర ఉపశమనం అడగని దావాకు ముందు ఆ చట్టం సెక్షన్ 12ఏ కింద మధ్యవర్తిత్వం తప్పనిసరి అని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దాన్ని తప్పించుకుంటే ప్లెయింటు తిరస్కరణకు గురవుతుంది. కట్టిన ఫీజు, గడిచిన నెలలు రెండూ దండగ.

ఖర్చుల తీవ్రత ఎటు పోతోందో చెప్పడానికి తమిళనాడు ప్రభుత్వ హోలోగ్రామ్ స్టిక్కర్ల టెండర్ మీద వచ్చిన యూఫ్లెక్స్ కేసు ఉంది. 2021లో అందులో సుప్రీంకోర్టు, వ్యాపార ప్రయోజనాల కోసం కోర్టుకెక్కి ఓడినవారు అవతలివారి వాస్తవ ఖర్చులు భరించాల్సిందేనంది.

ఆర్బిట్రేషన్‌లో సెక్షన్ 31ఏ కూడా దాదాపు ఇదే దారి. ‘ఎవరు గెలిచినా ఖర్చులు ఫలానావారే భరించాలి’ అని మొదటే ఒప్పందంలో రాయించుకున్న షరతు చెల్లదు. వివాదం తలెత్తాక రాసుకుంటేనే చెల్లుతుంది.

రాజీ చేసుకుంటే కట్టిన కోర్టు ఫీజు?

తమిళనాడులో కోర్టు ఫీజుల చట్టం సెక్షన్ 69-ఏ కింద మొత్తం వెనక్కి వస్తుంది. కోర్టు పంపిన మధ్యవర్తిత్వంలోనే కాక, ఇద్దరూ బయట మాట్లాడుకుని రాజీపడినా వస్తుందని మద్రాసు హైకోర్టు చెప్పింది, 2021లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. రాజీ పత్రంలో వకీలు ఫీజుల సంగతి, ఫీజు వాపసు ఎవరికి చేరాలి అన్నదీ రాసుకోండి. రాయకపోతే రాజీ తరువాత అదే కొత్త తగాదా.

దావా వేసినాయన అమెరికాలో ఉన్నాడు. నేను గెలిస్తే ఖర్చులు ఎవరి దగ్గర వసూలు చేయాలి?

అందుకే ఆర్డర్ 25. వాది దేశం బయట ఉంటూ, దావాలో ఉన్న ఆస్తి కాకుండా ఇక్కడ చాలినంత స్థిరాస్తి లేకపోతే, మీ ఖర్చులకు హామీ కట్టించమని పిటిషన్ వేయండి. ఒక్కరే వాది అయి, లేదా వాదులంతా బయటే ఉండి, ఆస్తి లేకపోతే కోర్టు హామీ అడిగి తీరాలి. గడువులోగా ఇవ్వకపోతే దావా కొట్టేస్తారు. ఈ పిటిషన్ మొదట్లోనే వేయాలి. విచారణ సగమయ్యాక వేస్తే అడ్డంకి పెట్టడానికే వేశారనిపిస్తుంది.

కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదు. ఓడితే ఏమవుతుంది?

ఆర్డర్ 33 కింద నిర్ధనుడిగా దావా వేయవచ్చు. ఫీజు మాఫీ కాదు, వాయిదా మాత్రమే. గెలిస్తే ఆ ఫీజు దావా సొమ్ము మీద ప్రభుత్వానికి తొలి హక్కుగా నిలుస్తుంది. ఓడితే మీ దగ్గరే అడుగుతారు. ఉచిత న్యాయ సహాయం వేరు. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అందుతుంది.

‘ఫీజు వద్దు, గెలిస్తే వచ్చినదాంట్లో వాటా ఇవ్వండి’ అనే వకీలు ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ రూల్స్ నిషేధిస్తున్నాయి. అలాంటి కాగితం మీద సంతకం పెట్టకండి.

భార్యాభర్తల కేసుల్లో?

ఇక్కడ తీర్పు దాకా ఆగనక్కర్లేదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద, సొంత ఆదాయం చాలని భార్య గానీ భర్త గానీ కేసు నడుస్తుండగానే దాని ఖర్చులు అవతలివారి నుంచి అడగవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో సాధ్యమైనంత వరకు తేల్చాలని చట్టం అంటోంది.

ఖర్చుల మీద మాత్రమే అప్పీలు వేయవచ్చా?

డిక్రీ మీద అప్పీలులో భాగంగా అడగడం సుళువు. ఖర్చుల కోసమే వేస్తే, విచక్షణను అన్యాయంగా వాడారనో, కారణాలే రాయలేదనో చూపాలి. అంకె తక్కువైందన్న వాదన నిలవదు. కింది కోర్టు ఉత్తర్వు మేరకు మీరు ఖర్చులు కట్టేసి, అప్పీలులో గెలిస్తే ఆ డబ్బు దానంతటది రాదు. సెక్షన్ 144 కింద పిటిషన్ వేసి వాపసు అడగాలి.

డిక్రీలో ఖర్చులు పడ్డాయి. అవతలివారు ఇవ్వడం లేదు, ఉండేది నెల్లూరులో. ఎలా వసూలు చేయాలి?

ఖర్చులు కూడా డిక్రీలో భాగమే. అసలు దావా సొమ్ములాగే ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి వసూలు చేసుకోవచ్చు, గడువు 12 ఏళ్లు. చెన్నై కోర్టు తన పరిధి దాటి నెల్లూరులో జప్తు చేయలేదు. కాబట్టి సెక్షన్ 39 కింద డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయమని ముందు ఇక్కడ పిటిషన్ వేయాలి. డిక్రీ సర్టిఫైడ్ కాపీ, ఇంతవరకు ఎంత వసూలైందో తెలిపే సర్టిఫికెట్ అక్కడికి వెళతాయి. ఆ తరువాత ఈపీ నెల్లూరులో.

జీతగాడైతే మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 40,000 జీతమైతే 1,000 పోను మిగిలిన 39,000లో 26,000 వదిలేయాలి, నెలకు 13,000 దాకా జప్తుకు దొరుకుతుంది. ఒకే డిక్రీకి మొత్తం 24 నెలలకు మించి ఆ కోత సాగదు. అరెస్టు చేయించి భయపెడదామనుకుంటే, డిక్రీ మొత్తం 2,000 మించకపోతే జైల్లో పెట్టడానికి వీల్లేదు. డబ్బు డిక్రీ కింద ఆడవారిని అరెస్టు చేయడానికి అసలే లేదు.

ఖర్చులు ఇవ్వాల్సిన వైపు మీరుంటే: ఊళ్లో పెద్దమనుషుల ముందు నగదు ఇచ్చి ‘సరే, తేలిపోయింది’ అనుకోవద్దు. ఆర్డర్ 21 రూల్ 2 కింద ఆ చెల్లింపును కోర్టులో నమోదు చేయించాలి. మీరు పిటిషన్ వేయాల్సిన గడువు 30 రోజులు. నమోదు కాని చెల్లింపును ఈపీ కోర్టు లెక్కలోకి తీసుకోదు, అదే డబ్బు రెండోసారి కట్టాల్సి వస్తుంది.